ఏ నరం సంగతి?

ప్రశ్న: మా నాన్నకు 58 ఏళ్లు. హెపటైటిస్ బి వల్ల సిరోసిస్ వచ్చిందన్నారు. పోయిన నెల స్కానింగ్‌లో లివర్‌లో 2 సెంటీమీటర్ల గడ్డ కనిపించింది, క్యాన్సరే అని తేల్చారు. అన్నవాహికలో నరాలు ఉబ్బాయని ఏడాదిగా ప్రొప్రనలాల్ వేసుకుంటున్నారు. నరాల వల్ల లివర్ క్యాన్సర్ పెరుగుతుందని నెట్‌లో చదివాను, ఆ ఉబ్బిన నరాలేనా ఇవి? ఇంకొకటి, నా పెళ్లి విషయంలో ఇంట్లో రెండేళ్లు గొడవలయ్యాయి. ‘నీ టెన్షన్‌తోనే నాకీ రోగం’ అంటున్నారు నాన్న. నిజమేనా?
ఒక పాఠకుడు, కొత్తపేట, హైదరాబాద్

జవాబు: చివరి ప్రశ్నకు ముందు చెప్తాను, ఎందుకంటే మీకు నిద్ర పట్టనివ్వనిది అదే అనిపిస్తోంది. కాదండీ, మీ పెళ్లి గొడవతో రాలేదు. హెపటైటిస్ బి పుట్టినప్పుడే సోకితే 100 మందిలో దాదాపు 90 మందిలో ఒంట్లోనే ఉండిపోతుంది, పెద్దయ్యాక సోకితే 5 శాతం కన్నా తక్కువ మందిలోనే ఉండిపోతుంది. అంటే మీ నాన్నగారికి చిన్నప్పుడే, కాన్పులో తల్లి నుంచో, స్టీలు డబ్బాలో అరకొరగా మరగబెట్టి ఊరందరికీ పొడిచిన ఆ గాజు సిరంజితోనో వచ్చి ఉండే అవకాశమే ఎక్కువ. మీరు పుట్టకముందు నుంచీ ఆ వైరస్ ఆయన లివర్‌లో కాపురముంటోందన్నమాట.

ఇక నరాలు. ఇక్కడ మన తెలుగే మనల్ని ఇబ్బంది పెట్టింది. సెలైన్ ఎక్కించేటప్పుడు ‘నరం దొరకట్లేదు’ అంటాం, కాలు తిమ్మిరెక్కితే ‘నరం పట్టేసింది’ అంటాం. మొదటిది రక్తం మోసే సిర, రెండోది కబుర్లు మోసే నాడి. మీ నాన్నగారికి ఉబ్బినవి సిరలు. సిరోసిస్‌తో గట్టిపడిన లివర్‌లోంచి రక్తం సాఫీగా పోలేక, దిల్‌సుఖ్‌నగర్‌లో మెయిన్ రోడ్డు జామైతే బండ్లన్నీ గల్లీల్లోకి దూరినట్టు, పక్కదారులు పట్టి అన్నవాహికలోని సన్నటి సిరలను ఉబ్బిస్తుంది. అవి క్యాన్సర్‌ను తేవు, చిట్లితే మాత్రం ప్రాణం మీదికొస్తుంది.

మీరు నెట్‌లో చదివింది రెండో రకం గురించి, స్వయంచోదిత నాడీవ్యవస్థ గురించి. గుండె కొట్టుకోవడం, అరుగుదల, చెమట, ఇలా మనం చెప్పకుండానే జరిగే పనులన్నీ చూసుకునేది అది. అందులో ఒకటి సింపథెటిక్, ఆపద వస్తే పరిగెత్తించేది. ఇంకొకటి పారాసింపథెటిక్, తిని కూర్చున్నాక నెమ్మదింపజేసేది. రెండింటి తీగలూ లివర్‌కు వెళ్తాయి. 2017లో వచ్చిన ఒక చైనా పరిశోధనలో, రసాయనంతో లివర్ క్యాన్సర్ తెప్పించిన ఎలుకల్లో సింపథెటిక్ నాడులను దెబ్బతీస్తే గడ్డలు తగ్గాయి. ఆ నాడులు వదిలే నార్అడ్రినలిన్, లివర్‌లో కాపలా కాసే కుప్ఫర్ కణాల మీది ఆల్ఫా-1 అనే తాళాన్ని (కబురు అందుకునే రిసెప్టర్‌ను) తిప్పితే అవి వాపు పెంచే పదార్థాలు వదులుతాయి, గడ్డకు కావలసింది అదే. కాబట్టి నరాలకు పాత్ర ఉందన్న మాట ఉత్తిది కాదు. కానీ ఎలుకల్లో కనిపించిన ఆ పాత్రకీ, మీ ఇంట్లో జరిగిన వాదనలకీ మధ్య చాలా దూరముంది.

తమాషా ఏమిటంటే ప్రొప్రనలాల్ దగ్గర మీ రెండు నరాలూ కలుస్తాయి. 1960లలో జేమ్స్ బ్లాక్ గుండె జబ్బు కోసం తయారుచేసిన మందు అది, ఆయనకు 1988లో నోబెల్ వచ్చింది. సింపథెటిక్ కబురు అందకుండా బీటా తాళాలను మూసేసి, లివర్ వైపు వచ్చే రక్తం ఒత్తిడిని తగ్గిస్తుంది. సిరలు చిట్లకుండా కాపాడేది ఇలాగే. ఈ రకం మందులు వాడుతున్న సిరోసిస్ రోగుల్లో లివర్ క్యాన్సర్ కొంత తక్కువగా కనిపించిందని కొన్ని పరిశీలనలు ఉన్నాయి. అంతమాత్రాన దాన్ని క్యాన్సర్ మందు అనుకోకండి, పైగా ఎలుకల్లో దొరికింది ఆల్ఫా తాళం, ఇది మూసేది బీటా. డోసు మీరు పెంచొద్దు, ఉన్నట్టుండి ఆపొద్దు.

ప్రాణాయామంతో వేగస్ నరాన్ని లేపితే గడ్డ కరుగుతుందని వీడియోలు తిరుగుతున్నాయి. వేగస్ అంటే ఆ పారాసింపథెటిక్ తీగే. మామూలుగా వాపును చల్లార్చేదే అయినా, ఎలుకల్లో చూస్తే లివర్ క్యాన్సర్ విషయంలో అది కూడా అంత సాధువేమీ కాదు, క్యాన్సర్‌తో పోరాడే కణాలను మెత్తబరిచే సూచనలున్నాయి. ప్రాణాయామం చేయనివ్వండి, మనసు కుదుటపడుతుంది, గడ్డ మాత్రం కరగదు. 2 సెంటీమీటర్లంటే చిన్నదే. కోసి తీయడం, సూదితో కాల్చేయడం, లివర్ మార్పిడి, వీటిలో ఏది కుదురుతుందో లివర్ డాక్టర్‌ను వెంటనే అడగండి, వీడియోలు చూస్తూ నెలలు పోగొట్టుకోవద్దు.

రోజూ పొద్దున ప్రొప్రనలాల్ మాత్రకు ముందు ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, మణికట్టు మీద మూడు వేళ్లు పెట్టి నిమిషం పాటు పల్స్ లెక్కపెట్టండి. 55 కన్నా తగ్గినా, లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నా డాక్టర్‌కు ఫోన్ చేయండి. ఆస్తమా ఉంటే ఆ సంగతి ముందే చెప్పాలి.

మీ అమ్మగారు, మీరు, నాన్నగారి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అందరూ ఈ వారమే హెపటైటిస్ బి రక్తపరీక్ష చేయించుకోండి. మన హైదరాబాద్‌లోనే శాంతా బయోటెక్నిక్స్ ఈ టీకాను 1997లో చౌకగా తెచ్చింది, మీరు అంతకు ముందు పుట్టి ఉంటే చిన్నప్పుడు వేయించి ఉండరు. పరీక్షలో వైరస్ లేదని తేలితే మూడు డోసులు, మొదటిది వెంటనే, రెండోది నెలకు, మూడోది ఆరు నెలలకు. రేపు పిల్లలు పుడితే పుట్టిన 24 గంటల్లోపే మొదటి డోసు పడేలా చూసుకోండి.