వాన నెలల డబ్బుతో ట్రాలీ కొంటారా?

ప్రశ్న: మాది నెల్లూరు దగ్గర ఇందుకూరుపేట మండలం. సొంతం ఎకరం, కౌలు అర ఎకరం. వంగ, బెండ, ఆకుకూరలు వేస్తాం. ఫత్తేఖాన్‌పేట రైతు బజారులో నేనే కూర్చుని అమ్ముతాను. నెలకు 22 రోజులు వెళ్తే రోజుకు సగటున 2,200 రూపాయలు వస్తాయి. ఆటోకే రోజుకు 250 పోతోంది. సేద్యం ఖర్చు నెలకు 17 వేలు, అమ్మాయి హాస్టల్‌తో కలిపి ఇంటి ఖర్చు 19 వేలు. పాత ట్రాలీ ఆటో ఒకటి మూడున్నర లక్షలకు అమ్మకానికి ఉంది. దాచుకున్న 80 వేలు కట్టి, మిగతాది ప్రైవేటు ఫైనాన్స్‌లో 15 శాతం వడ్డీకి మూడేళ్లకు తీసుకుందామని మా ఆయన అంటున్నారు. విత్తనాల కోసం తెచ్చిన 10 వేల రోజువారీ ఫైనాన్స్ ఒకటి నడుస్తోంది. కొనొచ్చా సార్?

జవాబు: వద్దమ్మా. ఈ ఏడాది వద్దే వద్దు. బండి చెడ్డదని కాదు. ఆ 80 వేలు బండికి పెట్టాల్సిన డబ్బు కాదు.

రోజూ చేతిలో డబ్బు ఆడేవాళ్లు ఎక్కువ మంది చేసే పొరపాటే మీ ఉత్తరంలోనూ ఉంది. మధ్యాహ్నానికి సంచిలో ఎంతుంటే అంతా సంపాదనే అనుకుంటారు. ఫోన్‌పేలో పడింది వేరుగా ఖర్చయిపోతుంది, అది ఎవరూ లెక్కేయరు. మీ నెల అమ్మకం 48,400. ఆటో, సేద్యం, ఇల్లు తీసేస్తే మిగిలేది 6,900. అందులో రోజువారీ ఫైనాన్స్‌కు రోజుకు వంద చొప్పున 3 వేలు పోతుంది. చివరికి చేతిలో 3,900.

ఇప్పుడు బండి అప్పు చూడండి. 2 లక్షల 70 వేలకు 15 శాతం అంటే మొదట తీసుకున్న అసలు మొత్తం మీద మూడేళ్లూ వడ్డీ వేస్తారు, మీరు ఎంత తీర్చినా తగ్గించరు. నెలకు కంతు 10,875. లెక్క కడితే మీ మీద నిజంగా పడే వడ్డీ 26 శాతానికి దగ్గర. ఆటో బాడుగ 5,500 మిగిలిందనుకున్నా ఇంకో 5,375 వెతుక్కోవాలి. ఇంకా డీజిలు పోయలేదు, ఇన్సూరెన్స్ కట్టలేదు, పాత బండి కాబట్టి మెకానిక్ దగ్గరకూ పోలేదు.

ఇదంతా మంచి నెలల లెక్క. నెల్లూరులో సేద్యం చేస్తూ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఏం జరుగుతుందో నేను మీకు చెప్పాలా? మన జిల్లా వాన ఎక్కువగా ఆ మూడు నెలల్లోనే పడుతుంది. 2021 నవంబరులో పెన్నకు వరద వస్తే కోవూరు దగ్గర పడుగుపాడులో రైలు పట్టాలు కొట్టుకుపోయాయి, హైవే తెగింది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను. అంత పెద్దవి రాకపోయినా, వారం ముసురు పడితే చాలు, ఆకుకూర మడిలోనే కుళ్లిపోతుంది. కార్తీక మాసంలో ఊరంతా కూరగాయలే తింటారు, బోర్డు మీద ధర పెరుగుతుంది, సరిగ్గా అప్పుడే మీ చేలో కోయడానికి ఏమీ ఉండదు. ఫైనాన్స్ కంతు మాత్రం ఐదో తారీఖుకు ఠంచనుగా వచ్చేస్తుంది.

అందుకే అత్యవసర నిధి గురించి ప్రతి ఉత్తరానికీ ఇంత గొంతు చించుకుంటాను. ఉద్యోగస్తులకైనా ఒకటో తారీఖున జీతం పడుతుంది. మీకు ఏటా మూడు నెలలు ఆదాయం తగ్గుతుందని ముందే తెలుసు, తెలిసి కూడా నిధి లేకపోతే ఎలా? నాలుగు నెలల ఇంటి ఖర్చు 76 వేలు. మీ దగ్గర 80 వేలు ఉన్నాయి. అంటే నిధి తయారుగానే ఉంది, దాన్ని ఆటో షెడ్డులో పోయకండి. 20 వేలు సేవింగ్స్ ఖాతాలో ఉంచి, మిగతా 60 వేలు ఇరవై వేల చొప్పున మూడు ఎఫ్‌డీలు చేయండి, అవసరమైతే ఒక్కటే విరగొట్టుకోవచ్చు. చేను మునిగి మళ్లీ విత్తనం వేయాలన్నా, ఇంట్లో ఎవరైనా మంచాన పడినా, వరసగా పది రోజులు బజారుకు పోలేకపోయినా తీయండి. హాస్టల్ ఫీజు జూన్‌లో వస్తుందని జనవరిలోనే తెలుసు, దానికి ముట్టుకోవద్దు. ఫంక్షన్లకు అసలే వద్దు.

ఆ రోజువారీ ఫైనాన్స్ సంగతి. పదివేలని రాయించుకుని వెయ్యి ముందే కోసుకుని 9 వేలు చేతిలో పెడతారు, వంద రోజులు వంద చొప్పున వసూలు చేస్తారు. బజారుకు పోని రోజు కూడా. ఏడాది లెక్కలో అది 75 శాతం దాటుతుంది. పది రూపాయల కొత్తిమీర కట్ట దగ్గర బేరమాడతారని కొనేవాళ్ల మీద మీరు విసుక్కుంటారు, ఇక్కడ మాత్రం మీరు బేరమే ఆడలేదు! వడ్డీ ముందే కోసుకున్నారు కాబట్టి తొందరపడి తీర్చినా లాభం లేదు. నడిచేది నడవనివ్వండి, అయిపోగానే ‘ఇంకోటి ఇవ్వమంటావా అక్కా’ అని వస్తాడు. అక్కర్లేదని చెప్పేయండి. విత్తనాలకు, ఎరువులకు బ్యాంకులో కిసాన్ క్రెడిట్ కార్డు ఉంది, 3 లక్షల దాకా 7 శాతం, గడువులోపల కడితే 4 శాతమే పడుతుంది. కౌలు అర ఎకరానికి కౌలు కార్డు తీసుకోండి.

మీ ఆయనకు, మీకు ఏడాదికి 20 రూపాయలు కట్టే ప్రమాద బీమా, వయసు యాభై లోపైతే ఏడాదికి 436 రూపాయలు కట్టే జీవిత బీమా బ్యాంకులోనే చేయించండి. బంగారం, చీటీలు తర్వాత చూద్దాం.

ఆటో బాడుగ తగ్గించుకోవడానికి బండి కొననక్కర్లేదు. మీ ఊరి నుంచి బజారుకు వచ్చేవాళ్లు ముగ్గురు నలుగురు కలిసి ఒకే ట్రాలీకి నెలవారీ బాడుగ మాట్లాడుకోండి. రోజువారీ ఫైనాన్స్ తీరాక నెలకు 6,900 వేరే ఖాతాలో వేస్తూ పోతే, వాన నెలలు తీసేసినా తొమ్మిది నెలల్లో 62 వేలు చేరుతుంది. ఆ డబ్బుతో, నిధి కదలకుండా, బ్యాంకులో బండి లోను తీసుకునేలా ఉంటే అప్పుడు మళ్లీ రాయండి. ప్రైవేటు ఫైనాన్స్ అయితే మాత్రం రాయొద్దు, నా జవాబు ఇదే.