పెళ్లి బంతిలో పక్కన కూర్చున్న పిల్లాడికి తట్టు పోసిందట!

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది నర్సంపేట దగ్గర పల్లె. ఆదివారం హనుమకొండలో ఏసీ ఫంక్షన్ హాల్లో చుట్టాల పెళ్లికి వెళ్లాం. బంతిలో నా పక్కన కూర్చున్న పిల్లాడికి జలుబు, దగ్గు, కళ్లు ఎర్రగా ఉన్నాయి. సోమవారం వాడికి ఒళ్లంతా తట్టు పోసిందని ఫోన్ వచ్చింది. మా పాపకు ఏడో నెల. బాబుకు నాలుగేళ్లు, తొమ్మిదో నెల టీకా వేయించాం, ఆ తర్వాతది మర్చిపోయాం. మా ఆడబిడ్డ ఐదో నెల గర్భిణి, తనూ వచ్చింది. అమ్మవారు పోస్తే మందులు వేయొద్దంటుంది అత్తమ్మ. ఒకటే టెన్షన్.

జవాబు: మీ ఉత్తరం నా చేతికొచ్చేసరికి బుధవారం సాయంత్రం, అందుకే ముందు ఫోన్ చేసి చెప్పేశాను, ఇది మిగతా వాళ్ల కోసం రాస్తున్నా. ఇలాంటి విషయాల్లో పత్రికకు రాసి కూర్చోకండమ్మా, ఇక్కడ లెక్క గంటల్లో ఉంటుంది.

దద్దు కనిపించడానికి నాలుగు రోజుల ముందు నుంచే తట్టు అంటుకుంటుంది, కాబట్టి ఆదివారం ఆ పిల్లాడి ఒంటి మీద ఏమీ లేకపోయినా లెక్కలోకి వస్తుంది. పక్కన కూర్చోవడం కూడా అక్కర్లేదు, తలుపులు మూసిన హాల్లో మనిషి లేచి వెళ్లిపోయాక కూడా వైరస్ రెండు గంటల దాకా గాలిలో ఉంటుంది. రక్షణ లేని పదిమంది దగ్గర కూర్చుంటే తొమ్మిది మందికి వస్తుంది.

బాబుకు ఆ పిల్లాడి దగ్గర ఉన్నప్పటి నుంచి 72 గంటల లోపు ఎంఆర్ టీకా (తట్టు, రుబెల్లా రెండింటికీ కలిపి వేసేది) పడితే జబ్బు రాకుండా ఆగే అవకాశం ఉంది. ఆ గడువు దాటినా వేయించండి, ముందు ముందు పనికొస్తుంది. ఐదేళ్ల లోపు పిల్లలకు సర్కారు దవాఖానాలో ఉచితం, ఆశా అక్కకు టీకా కార్డు చూపిస్తే చాలు. పాపకు, ఆడబిడ్డకు దారి వేరు. గర్భిణికి ఈ టీకా వేయకూడదు. ఆమెకు ఇంతకుముందు రక్షణ ఉందో లేదో రక్తపరీక్షలో తెలుస్తుంది, లేకపోతే ఆరు రోజుల లోపు ఇమ్యునోగ్లోబులిన్ (జబ్బుతో పోరాడే యాంటీబాడీలను తయారుగా ఇచ్చే మందు) ఇవ్వాలా అన్నది డాక్టరు చూస్తారు. పాప విషయమూ అంతే, పిల్లల డాక్టరు ఆరు నెలలు దాటిన పాపకు ముందుగానే ఒక డోసు వేసినా అది లెక్కలోకి రాదు, తొమ్మిదో నెలది, ఏడాదిన్నరకు వేసేదీ మళ్లీ వేయించాల్సిందే.

పెళ్లి నాటి నుంచి 21 రోజులు కనిపెట్టి ఉండండి. ముందు జ్వరం, దగ్గు, ముక్కు కారడం, కళ్లు ఎర్రబడడం. బుగ్గ లోపల ఉప్పు రవ్వల్లాంటి తెల్ల చుక్కలు కనిపించొచ్చు. తర్వాత జుట్టు పైకెత్తి చెవుల వెనక చూడండి, దద్దు అక్కడా నుదుటి మీదా మొదలై కిందికి దిగుతుంది. అప్పుడు పిల్లను ఎత్తుకుని నేరుగా ఓపీకి పరుగెత్తకండి, ముందు ఫోన్ చేయండి. ఒకసారి ఒక తల్లి ఒళ్లంతా దద్దుతో ఉన్న పిల్లను, టీకాలకు వచ్చిన చంటిపిల్లల మధ్య బెంచీ మీద గంట సేపు కూర్చోబెట్టింది. ఆమె తప్పు కాదు, చీటీ రాసేవాళ్లే కూర్చోమన్నారు.

అత్తమ్మతో గొడవ పడకండి. గుమ్మానికి వేపమండలు కట్టనివ్వండి, లోపలికి రావద్దని ఊరికంతా తెలుస్తుంది, అది మనకు మంచిదే. కాకపోతే చూసిపోదామని వచ్చే చుట్టాలను కూడా ఆ మండల దగ్గరే ఆపాలి, దద్దు వచ్చాక కనీసం నాలుగు రోజులు. పత్యం పేరుతో మాత్రం పిల్లల పొట్ట మాడ్చకండి. పాలు, గంజి, గుడ్డు, తల్లిపాలు మానకూడదు. విటమిన్ ఏ డాక్టరు చెప్పిన మోతాదులో వరుసగా రెండు రోజులు వేస్తారు, కళ్లు పోకుండా కాపాడేది అదే. ఊపిరి ఎగబీలుస్తున్నా, ఫిట్స్ వచ్చినా, పాలు తాగకుండా మగతగా పడి ఉన్నా 108కి ఫోన్ చేయండి, తట్టు ఉందని కూడా చెప్పండి.

ప్రశ్న: నాకు 38 ఏళ్లు, కాజీపేట. చిన్నప్పుడు అమ్మవారు పోసిందని మా అమ్మ చెప్తుంది. మళ్లీ తట్టు వస్తుందా?

జవాబు: నిజంగా తట్టే అయితే మళ్లీ రావడం చాలా అరుదు. కానీ మన దగ్గర ఆటలమ్మనూ అమ్మవారే అంటారు. నీళ్ల బుడగల్లా వచ్చిందా, ఎర్రటి దద్దులా పరుచుకుందా అని మీ అమ్మను అడగండి. బుడగలంటే అది ఆటలమ్మ, తట్టు లెక్క వేరే.