చిన్న కాలనీకి రాత్రి కాపలా: ఒప్పందంలో ఏం రాయించాలి

ఏజెన్సీ నెలకో కొత్త గార్డును పంపుతోంది, ఒప్పందంలో ఏం రాయించుకోవాలని విశాఖపట్నం మధురవాడలోని నలభై ఇళ్ల కాలనీ వాళ్లు అడిగారు. మీకు నెలకో కొత్త గార్డు రావడానికి కారణం చాలావరకు ఒప్పంద పత్రమే. "24 గంటల సెక్యూరిటీ" అని ఒక్క ముక్క రాసుకుంటే, ఆ రోజు ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లనే ఏజెన్సీ పంపుతుంది.

1. లైసెన్సు కాపీ అడగండి. 2005 నాటి ప్రైవేట్ సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం ప్రకారం ఏజెన్సీకి లైసెన్సు తప్పనిసరి.

2. అందరూ వదిలేసేది ఇదే. లైసెన్సు ఏజెన్సీకి, వెరిఫికేషన్ మనిషికి. గార్డు నడవడిక, పూర్వాపరాలు చూసుకున్నాకే పెట్టుకోవాలని అదే చట్టం సెక్షన్ 10 చెబుతోంది. వయసు 18 నుంచి 65 మధ్య ఉండాలి, శిక్షణ పూర్తయి ఉండాలి. అందుకే మనిషి మారిన ప్రతిసారీ ఫొటో, వెరిఫికేషన్ పత్రం మీ చేతికిచ్చాకే గేటు దగ్గర నిలబెట్టాలని రాయించండి. "పేపర్లు రేపు తెస్తాం సార్" అంటే ఆ రాత్రికి ఒప్పుకోకండి. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల ఇళ్లు అతనికి తెలిసిపోతాయి.

3. డబ్బు చాలకపోతే పగలు మానేసి రాత్రి షిఫ్టు ఒక్కటే పెట్టుకోండి.

4. గార్డు పోలీసు కాదు. తలుపు పగలగొట్టి చొరబడిన దొంగను కళ్లెదుట పట్టుకున్నా 6 గంటల్లోపు పోలీసులకు అప్పగించాలి. చెయ్యి చేసుకోనివ్వకండి, వెంటనే 112కి ఫోన్ చేయించండి.