కాలమ్ జరిగినా లెక్క తప్పకూడదంటే

ప్రశ్న: నమస్కారం సార్. జీడిపప్పు ఫ్యాక్టరీలకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసి ఇస్తుంటాను. సాయంత్రం అయ్యేసరికి మా ప్రోగ్రామే ఎక్సెల్ తెరిచి, ఏ పార్టీకి ఏ గ్రేడు ఎన్ని కిలోలు వెళ్లిందో నింపి సేవ్ చెయ్యాలి. ఒక్కో షావుకారుది ఒక్కో పద్ధతి. ఒకాయనకి తేదీ ముందుండాలి, ఇంకొకాయనకి పార్టీ పేరు ముందుండాలి. గుమస్తా మధ్యలో ఒక కాలమ్ చేర్చాడంటే ధర వెళ్లి కిలోల్లో పడుతోంది. ప్రతిసారీ కోడ్ మార్చలేక చస్తున్నాను. పైగా రెండు మూడు వేల వరసలుంటే నింపడానికి చాలాసేపు పడుతోంది. దారి చెప్పండి.
— ఒక పాఠకుడు, పలాస

జవాబు: ముందు మీ కోడ్ తెరిచి, సి7, ఎఫ్12 లాంటి సెల్ అడ్రసులు ఎన్ని చోట్ల రాసి ఉన్నాయో వెతకండి. మీ టెన్షన్ అంతా వాటివల్లే. షీటు షావుకారుది, అందులో ఏది ఎక్కడుండాలో ఆయనిష్టం. మీ ప్రోగ్రాం షీటుని అడిగి తెలుసుకోవాలి తప్ప ముందే అనుకుని కూర్చోకూడదు.

కంపెనీ పేరు, తేదీ, రోజు మొత్తం లాంటి ఒంటరి సెల్స్‌కి పేర్లు పెట్టండి. సెల్ మీద క్లిక్ చేసి, ఫార్ములా బార్‌కి ఎడమ పక్కనున్న నేమ్ బాక్స్‌లో పేరు కొట్టి ఎంటర్ నొక్కితే అయిపోయింది. ఆ తర్వాత పైన నాలుగు వరసలు చేర్చినా, సెల్‌ని కట్ చేసి ఇంకోచోట పెట్టినా ఆ పేరు దానివెంటే వెళ్తుంది. కాపీ చేసి పేస్ట్ చేస్తే మాత్రం పేరు పాత చోటే ఉండిపోతుంది, ఈ తేడా గుమస్తాకి ఒక్కసారి కూర్చోబెట్టి చూపించండి.

మీ సరుకుతో ఒక చిక్కుంది. గ్రేడు పేరే పెడదామని నేమ్ బాక్స్‌లో డబ్ల్యూ240 అని ఇంగ్లిష్ అక్షరంతో కొట్టారనుకోండి, పేరు పడదు, కర్సర్ ఎక్కడో కింద 240వ వరసకి దూకేస్తుంది. ఎందుకంటే డబ్ల్యూ అనే కాలమ్ నిజంగానే ఉంది, దాని 240వ సెల్ అడ్రసు అదే. 180, 210, 320 గ్రేడులకీ ఇదే గొడవ. అక్షరానికీ అంకెకీ మధ్య అండర్‌స్కోర్ పెడితే ఒప్పుకుంటుంది.

ఇక అసలు పట్టిక. దానికి హెడింగులే ఆధారం. ప్రోగ్రాం ముందు హెడింగుల వరస వెతికి పట్టుకుని, పార్టీ ఏ కాలమ్‌లో ఉంది, కిలోలు ఏ కాలమ్‌లో ఉన్నాయి అని రాసుకుని, అప్పుడు నింపడం మొదలుపెట్టాలి. అదేమంత కష్టం కాదు, కష్టమల్లా మనుషులు హెడింగులు రాసే తీరుతోనే. ఒకరు ‘పార్టీ’ అంటారు, ఒకరు ‘పార్టీ పేరు’ అంటారు, చివర్న కనపడని స్పేస్ ఉంటుంది, ఆల్ట్ ఎంటర్ కొట్టి ఒకే సెల్‌లో రెండు లైన్లు చేస్తారు, రెండు మూడు సెల్స్ మెర్జ్ చేస్తారు (అప్పుడు విలువ ఎడమ పక్క పై సెల్‌లోనే ఉంటుంది, మిగతావి ఖాళీ). అందుకని స్పేసులూ లైన్ బ్రేకులూ తీసేశాకే పోల్చండి. ఏ షావుకారు ఏ హెడింగుని ఏమంటాడో ఆ జాబితాని కోడ్‌లో కాకుండా, అదే వర్క్‌బుక్‌లో ‘సెట్టింగ్స్’ అని ఇంకో షీటులో పెట్టండి. కొత్త పేరు వస్తే మీరు పరిగెత్తక్కర్లేదు, గుమస్తానే అక్కడ ఒక వరస చేర్చుకుంటాడు.

ఒక హెడింగు దొరకలేదంటే ఒక్క సెల్ కూడా రాయకుండా ఆగిపోయి, ఏది దొరకలేదో పేరు పెట్టి చెప్పాలి. సగం నింపిన షీటు ఖాళీ షీటుకంటే ప్రమాదం, దాన్ని చూసి ఎవరో లారీ లోడ్ చేసేస్తారు.

నెమ్మది సంగతికొస్తే, మీరు సెల్ తర్వాత సెల్ రాస్తున్నట్టున్నారు. లారీలో బస్తాలు దించడానికి ఒక్కో జీడిపిక్కనీ చేత్తో పట్టుకెళ్లినట్టు అది. మీ ప్రోగ్రాం వేరు, ఎక్సెల్ వేరు కాబట్టి ప్రతి సెల్‌కీ ఒక రాకపోక అవుతుంది. విలువలన్నీ ఒక అర్రేలో (కోడ్‌లో విలువల్ని వరసగా పేర్చుకునే జాబితా) పేర్చి ఒకేసారి రేంజ్‌కి (అంటే సెల్స్ గుంపుకి) ఇచ్చేయండి. అయితే షావుకారు మధ్యలో తన ఫార్ములా కాలమ్ పెట్టుకుని ఉంటే మొత్తం పట్టికని ఒకే దెబ్బకి రాస్తే అది తుడిచిపెట్టుకుపోతుంది. కాబట్టి మీకు సంబంధించిన ఒక్కో కాలమ్‌నీ ఒక్కో అర్రేగా రాయండి. రాసేముందు స్క్రీన్ అప్‌డేటింగ్ (ప్రతి మార్పుకీ తెర మళ్లీ గీయడం) ఆపి, ఫార్ములాల లెక్కింపుని మాన్యువల్‌లో పెట్టి, అయ్యాక మళ్లీ ఆటోమేటిక్‌కి మార్చడం మర్చిపోకండి.

తేదీలు మాత్రం టెక్స్ట్‌గా పంపొద్దు. బయటి ప్రోగ్రాం నుంచి 05/06/2025 అని అక్షరాలుగా ఇస్తే ఎక్సెల్ దాన్ని అమెరికా పద్ధతిలో చదివి, మన జూన్ 5ని మే 6 చేసేయొచ్చు. తేదీ రకంగానే పంపండి. పార్టీల బ్యాంకు ఖాతా నంబర్లకి ఇది రివర్సు: ఎక్సెల్ 15 అంకెల వరకే సరిగ్గా ఉంచుతుంది, ఆ పైవి సున్నాలైపోతాయి, ముందున్న సున్నాలూ ఎగిరిపోతాయి. ఆ కాలమ్‌ని టెక్స్ట్ ఫార్మాట్‌కి మార్చి, ఆ తర్వాతే రాయండి.

ప్రశ్న: మా ప్రోగ్రాం పని అయిపోయినా టాస్క్ మేనేజర్‌లో ఎక్సెల్ అలాగే కనిపిస్తోంది. సాయంత్రానికి పది దాకా పోగవుతున్నాయి. ఏం చెయ్యాలండీ?
— ఒక పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: చాలాసార్లు ‘సేవ్ చెయ్యాలా?’ అన్న ప్రశ్న కనపడని కిటికీలో మీ జవాబు కోసం ఎదురుచూస్తూ ఉండిపోతుందమ్మా. డిస్‌ప్లే అలర్ట్స్ (ఇలాంటి ప్రశ్నలు చూపించే సెట్టింగు) ఆపండి, వర్క్‌బుక్ మూసేటప్పుడు సేవ్ చెయ్యాలో వద్దో మీరే చెప్పండి, ఆ తర్వాత ఎక్సెల్‌ని మూసే క్విట్ ఆదేశం పిలవండి. మైక్రోసాఫ్ట్ వారి డాట్‌నెట్‌లో ప్రోగ్రాం రాస్తుంటే వర్క్‌బుక్, షీటు, రేంజ్ అన్నీ వదిలించుకోవాలి, ఒక్కటి పట్టుకుని ఉన్నా ఎక్సెల్ పోదు. ఇదంతా ఎర్రర్ వచ్చినప్పుడు కూడా జరిగేచోట రాయండి. విసుగొచ్చి ఎక్సెల్స్ అన్నింటినీ బలవంతంగా మూసేసే (కిల్ చేసే) కోడ్ మాత్రం పెట్టకండి, పక్కన ఎవరో సేవ్ చెయ్యకుండా తెరిచి ఉంచిన జీతాల షీటు కూడా వాటితోపాటే పోతుంది.