మా చేను దాకా వచ్చినవి, గట్టు మీదే ఆగిపోయినవి

మీరు అడిగింది ఇదీ: నాన్నగారు సత్తెనపల్లి దగ్గర నాలుగెకరాలు చేస్తున్నారు, మీరేమో హైదరాబాదులో ఉద్యోగం. డ్రోన్లు, యాప్‌లు, డిజిటల్ వ్యవసాయం అని రోజూ వింటున్నారు. నిజంగా రైతుకి ఏమైనా మారిందా, నాన్నగారికి ఏం ఏర్పాటు చేస్తే బాగుంటుంది అని.

మాది గుంటూరు పక్కన, ప్రత్తిపాడు వైపు. సొంతం మూడెకరాలు, మిర్చి. 2021 నుంచి నాన్నకి తోడుగా నేనూ చేలోనే ఉన్నాను. మా మావయ్య, అంటే అమ్మ తమ్ముడు, పొన్నూరు వైపు కౌలుకి వరి వేస్తాడు. ఈ రెండు చోట్లా నేను చూసిందే రాస్తాను.

అన్నిటికన్నా ముందు మోటారు గురించి చెప్పాలి. దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. కరెంటు రాత్రిళ్ళు ఇచ్చే రోజుల్లో నాన్న రెండింటికి లేచి, టార్చిలైటూ చేతికర్రా పట్టుకుని బోరు దగ్గరికి వెళ్ళేవారు. వర్షాకాలంలో ఆ గట్ల మీద పాములు. ఆయన తిరిగొచ్చి పెరట్లో కాళ్ళు కడుక్కుంటున్న చప్పుడు వినపడేదాకా అమ్మ కళ్ళు మూసేది కాదు. ఇప్పుడు పగలే ఇస్తున్నారు కానీ మధ్యలో పోతుంది, వస్తుంది. వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు పరిగెత్తాలి. నాలుగేళ్ళ కిందట స్టార్టరు పక్కన సిమ్ము వేసే చిన్న పెట్టె ఒకటి బిగించాం. మాకు నాలుగు వేల లోపే అయింది. దానికి ఫోన్ చేసి అంకె నొక్కితే మోటారు ఆడుతుంది, ఇంకో అంకె నొక్కితే ఆగుతుంది. మూడు కరెంటు ఫేజుల్లో ఒకటి పడిపోతే అదే మనకి ఫోన్ చేసి తెలుగులో చెప్తుంది. అది లేనప్పుడు రెండు ఫేజుల మీద ఆడి మోటారు రెండుసార్లు కాలింది. వైండింగు ఖర్చు ఒక ఎత్తు, నీళ్ళు లేక చేను వాడిపోయిన ఆ నాలుగు రోజులు ఇంకో ఎత్తు.

పోయినేడు అమ్మకి కంటి ఆపరేషన్ అని గుంటూరులో రెండు రోజులున్నాం. ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చుని నాన్న ఫోన్ చెవికి పెట్టుకున్నారు. కాసేపు విని, "ఆడుతోందిరా" అన్నారు. నలభై ఏళ్ళుగా చేను వదిలి ఒక్క రాత్రి బయట పడుకోని మనిషి ఆ రాత్రి అమ్మ మంచం పక్కనే పడుకున్నారు. డిజిటల్ వ్యవసాయం అంటే నాకు ముందు గుర్తొచ్చేది అదే.

డ్రోన్ మాట. 2023లో కేంద్రం నమో డ్రోన్ దీదీ పథకం తెచ్చింది. 15,000 మహిళా సంఘాలకి డ్రోన్లు, ఖర్చులో 80 శాతం, 8 లక్షల దాకా సాయం. గుంటూరు పక్కన లాంలో ఉన్న మన వ్యవసాయ విశ్వవిద్యాలయంలోనే డ్రోన్ నడపడానికి శిక్షణ ఇస్తున్నారు. మాకు పక్క ఊరి కుర్రాడు అద్దెకి తెస్తాడు, ఎకరానికి 500 తీసుకుంటాడు. పది లీటర్ల ట్యాంకు, ఎకరం పది నిమిషాల్లోపే అయిపోతుంది. మొదటిసారి కొట్టించినప్పుడు ఊరంతా గట్టు మీదే ఉంది. డ్రోన్ దిగగానే నాన్న చేలోకి వెళ్ళి, నాలుగైదు మొక్కల దగ్గర వంగి ఆకులు తిప్పి చూశారు. "పైన తడిసింది. కింద చూడు, పొడిగానే ఉంది" అన్నారు. మిర్చిలో తామర పురుగు ఉండేదే ఆకు అడుగున, పువ్వు లోపల. బాగా పెరిగిన చేనుకి తైవాన్ పంపుతో ఎకరానికి 200 లీటర్ల దాకా నీళ్ళు పట్టించి, సాలు సాలుకీ తిరిగి కొడితేనే మందు అక్కడికి చేరుతుంది. పది లీటర్లలో ఆ పని అవ్వదు. అదే మావయ్య వరిలో, మినుములో డ్రోన్ చాలా బాగా పనిచేసింది. బురదలో దిగక్కర్లేదు, చేను తొక్కక్కర్లేదు. కాబట్టి పైరుని బట్టి ఆలోచించండి. కొనే ఆలోచన మాత్రం నాలుగెకరాలకి వద్దు, అద్దె చాలు.

డ్రోన్ పక్షాన ఇంకో మాట కూడా చెప్పాలి. పూత సమయంలో వారానికోసారి మందు కొట్టిన రాత్రి నాన్నకి తలనొప్పి, వాంతి, అన్నం సహించేది కాదు. మా ఊళ్ళో మందు కొట్టడానికి వెళ్ళే కూలీలందరిదీ అదే బాధ. మిర్చి ఆకు అడుగు దాకా తడిపే డ్రోన్ వస్తే మొదట సంతోషించేది వాళ్ళే. నేను దాని కోసం ఎదురుచూస్తున్నాను.

ఇక తెగుళ్ళు, పురుగులు. నేను చేలోకి వచ్చిన 2021లోనే నల్ల తామర పురుగు మీద పడింది. పువ్వు విప్పితే లోపల నల్లగా కదులుతూ ఉండేవి. పూతంతా రాలిపోయింది. అదేమిటో మాకు తెలియదు. మందుల కొట్లో ఏది ఇస్తే అది కొట్టాం, మూడు రోజులకోసారి కొట్టాం. పెట్టుబడి మునిగాక తెలిసింది, పదే పదే ఘాటు మందులు కొడితే దాన్ని తినే మంచి పురుగులు చచ్చి ఇదే ఇంకా పెరుగుతుందని. ఆ తరువాతే మా ఊళ్ళో ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. ఎవరి చేలో కొత్త మచ్చ కనిపించినా ఫోటో వస్తుంది. లాం శాస్త్రవేత్తలు చెప్పిన నీలం రంగు జిగురు అట్టలు, వేపనూనె, మందు మార్చి మార్చి కొట్టడం, ఇవన్నీ ఆ గ్రూపులోనే ఊరంతటికీ చేరాయి. 2024 ఆగస్టు 15న కేంద్రం పురుగుల నిఘాకి ఎన్‌పీఎస్ఎస్ అనే యాప్ కూడా తెచ్చింది, ఫోటో పెడితే ఏ పురుగో చెప్పడానికి. నాన్నగారికి ఒక్కటి నేర్పండి: మొక్కని ఉన్నదున్నట్టు ఫోటో తీస్తే ఏమీ కనపడదు. తెల్ల కాగితం మీద కొమ్మ దులిపి, నీడలో పెట్టి, ఆ కాగితాన్ని ఫోటో తీయాలి.

ధర దగ్గరికి వద్దాం, అసలు చిక్కంతా అక్కడుంది. ఈ-నామ్, అంటే మార్కెట్ యార్డుల్ని కలిపే కేంద్రం ఆన్‌లైన్ వేలం, 2016 ఏప్రిల్ 14న మొదలైంది. మన మిర్చి యార్డూ, దుగ్గిరాల పసుపు యార్డూ అందులో ఉన్నాయి. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, గేటులోకి వచ్చాక లాట్ నెంబరు పడుతుంది, వ్యాపారులు కంప్యూటర్లోనో ఫోన్లోనో ధర వేస్తారు, ఎక్కువ వేసిన వాళ్ళకి సరుకు. చెప్పుకోవడానికి అంతే. యార్డులో నిలబడి చూస్తే ఇంకా ఉంది. కొనేవాళ్ళు టిక్కీ మూతి విప్పించి గుప్పెడు కాయలు తీస్తారు. ఒక కాయ విరుస్తారు, చప్పుడు వింటారు, గింజ రాలుతుందో లేదో చూస్తారు, పిడికిట్లో నొక్కి తేమ చూస్తారు, తాలు కాయ (రంగు పోయిన నాసి కాయ) ఎంత కలిసిందో చూస్తారు. ఆ తరువాతే ఫోన్లో అంకె వేస్తారు. ఆ చేతిని ఏ కంప్యూటరూ ఇంకా తప్పించలేదు. మారిందల్లా ఆ అంకె మాకూ తెలియడం. ఒకప్పుడు మా కాయకి ఎంత పడిందో కమిషన్ కొట్టు గుమస్తా చెప్తేనే తెలిసేది. ఇప్పుడు నాన్న ముందురోజు సాయంత్రమే తేజ రకం ఎంత, 334 రకం ఎంత అని ఫోన్లో చూసుకుని, లోడు వేయాలా, కోల్డ్ స్టోరేజీకి పంపాలా అని కల్లంలోనే తేల్చుకుంటారు.

కానీ జూన్‌లో విత్తనానికి, ఎరువుకి, మందులకి డబ్బు ఇచ్చింది ఆ కమిషన్ కొట్టే. మార్చిలో టిక్కీలు దించాల్సింది కూడా అక్కడే. దేశంలో ఏ యార్డులో ధర ఎక్కువుందో ఫోన్ చూపిస్తుంది, మా లారీ మాత్రం అప్పు ఎటు లాగితే అటే పోతుంది. రైతుకి ధర చూపించడం వేరు, ఆ ధరకి అమ్ముకునే స్వేచ్ఛ ఇవ్వడం వేరు. బ్యాంకు పంట రుణం అవసరానికి సరిపడా, సమయానికి అందిన ఏడు మేము రెండు కొట్ల మధ్య బేరం చేయగలిగాం. ఆ ఒక్క ఏడే చేయగలిగాం.

ధర పడిపోవడం కూడా ఫోన్లోనే చూశాం. 2025 ఫిబ్రవరిలో, అంతకుముందు క్వింటాలు 20 వేలు చూసిన కాయ రోజు రోజుకీ దిగిపోతుంటే గ్రూపులో మెసేజీలు ఆగిపోయాయి, ఎవరూ ఏమీ రాయలేదు. ధర పడిపోయినప్పుడు ఆదుకునే మార్కెట్ జోక్యం పథకం కింద కేంద్రం క్వింటాలుకి 11,781 అని ప్రకటించిన వార్తా ఫోన్లోనే వచ్చింది. మేము ఆ ఏడు కొంత సరుకు కోల్డ్ స్టోరేజీలోనే ఉంచేశాం.

ఇప్పుడు మావయ్య విషయం. నేను ఈ జవాబు రాయడానికి కూర్చున్నది నిజానికి దీని కోసమే.

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. వస్తుందని నాలుగు రోజుల ముందు నుంచే ఫోన్లో హెచ్చరికలు వచ్చాయి. ఎటు వస్తుంది, ఎంత వాన అన్నీ వచ్చాయి. మావయ్య చేను కోతకి వచ్చి ఉంది. కబురు అందరికీ ఒకేసారి అందింది కాబట్టి ఊరంతా ఒకేసారి కోత మిషన్ కోసం పడ్డారు. గంటకి ఇంత అని ఉన్న బాడుగ ఒక్క రోజులో దాదాపు రెట్టింపైంది. ముందు డబ్బు పెట్టగలిగిన వాళ్ళ చేలు కోతయ్యాయి. మావయ్య వంతు వచ్చేసరికి వాన మొదలైంది. మరునాడు వెళ్ళి చూస్తే చేను చాప పరిచినట్టు పడుకుని ఉంది, మీద మోకాలి లోతు నీళ్ళు. ఆయన గట్టు మీద కూర్చుని ఒక వెన్ను తీసి గింజ నలిపి చూశాడు. నాలుగు రోజులకి ఆ గింజలే మొలకలెత్తాయి. హెచ్చరికలో తప్పేమీ లేదు. అది ఊరికి పది మిషన్లతో పాటు రావాల్సింది.

తరువాత నష్టపరిహారం. మన రాష్ట్రంలో ఆ డబ్బు రావాలంటే ఈ-పంటలో, అంటే ప్రభుత్వ పంట నమోదులో, పేరుండాలి. మనిషి చేలో నిలబడితే ఫోటో తీసి, ఆ చోటు గుర్తులతో సర్వే నెంబరుకి జతచేసి, వేలిముద్ర తీసుకుంటారు. పద్ధతి మంచిదే, కాగితాల మీద లేని పంటకి డబ్బు పోయే దారి మూసుకుంది. అయితే కౌలు రైతుకి పరిహారం రావాలంటే మా దగ్గర సాగుదారు హక్కు పత్రం అడిగారు. 2019 చట్టం ప్రకారం అది 11 నెలలకే, పంట మీదే హక్కు, భూమి మీద ఏ హక్కూ రాదు. కానీ భూమి యజమాని సంతకం పెట్టాలి. మావయ్య ఓనరు పెట్టలేదు. భూమి పోతుందేమోనని ఆయన భయం. పంట ఓనరు పేరు మీద నమోదైంది, పరిహారం ఆయన ఖాతాలో పడింది. సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు మావయ్యని పిలిచి సగం చేతిలో పెట్టాడు. మంచి మనిషి కాబట్టి ఇచ్చాడు. ఇవ్వకపోతే అడగడానికి మావయ్య దగ్గర ఏ కాగితమూ లేదు. మునిగింది మావయ్య పెట్టుబడి, మావయ్య రెక్కల కష్టం. కంప్యూటరు లెక్కలో మాత్రం ఆ చేలో ఆయన లేనే లేడు. ఇప్పుడు రైతులకి 11 అంకెల గుర్తింపు సంఖ్య ఇస్తున్నారు, మాకూ వచ్చింది. అది భూమి రికార్డుని పట్టుకుని వచ్చే సంఖ్య. మావయ్య లాంటి వాళ్ళకి దారి చూపకుండా ఎన్ని సంఖ్యలు ఇచ్చినా సగం సాగు లెక్కలోకి రాదని నా గట్టి నమ్మకం. డెల్టాలో చేలో దిగేవాళ్ళలో ఎంతమంది కౌలుదారులో మీరూ ఎరుగుదురు.

మీ నాన్నగారికి ఏం చేయాలంటే, బోరు ఉంటే ముందు మోటారుకి ఆ సిమ్ము పెట్టె పెట్టించండి. సిమ్ము రీచార్జి మీ ఫోన్ నుంచి మీరే చేయండి, అది అయిపోయిన రోజే కరెంటు వస్తుంది. పిడుగుల హెచ్చరికకి దామిని యాప్ వేయండి. చదవడం ఇబ్బందైతే కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551, తెలుగులో మాట్లాడతారు, డబ్బు పడదు. పీఎం కిసాన్ పేరుతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్ళు (నొక్కితే ఫోన్లోకి యాప్ ఎక్కించేవి) ముట్టుకోవద్దని గట్టిగా చెప్పండి. మా ఊళ్ళో ఒకాయన అది నొక్కి, మిర్చి అమ్మిన డబ్బులో 40 వేలు పోగొట్టుకున్నాడు. పంట నమోదు రోజున వీలైతే మీరు సెలవు పెట్టి రండి. సర్వే నెంబరు, పైరు పేరు, ఎకరాలు మీ కళ్ళతో చూసి, రశీదు తీసుకుని, ఫోటో మీ ఫోన్లో ఉంచుకోండి. నమోదు గడువులోపైతే తప్పు దిద్దించుకోవడం తేలిక, తరువాత చాలా తిరగాలి.

ఆ నాలుగెకరాల్లో కౌలు ఏమైనా ఉందా అన్నది మీరు రాయలేదు. ఉంటే కింద చెప్పండి, హక్కు పత్రానికి ఏమేం పట్టుకెళ్ళాలో మావయ్యని అడిగి రాస్తాను. ఈ ఏడు ఓనరుగారి అబ్బాయితో మాట్లాడాం, ఉగాదికి ఊరొచ్చినప్పుడు సంతకం పెడతానన్నాడు.