ఆ ఎనిమిదేళ్లు ఏమయ్యాయి?

అమ్మాయీ,

జర్మనీలోని స్టట్‌గార్ట్ బ్యాలే బృందం మీద నీ వ్యాసం చదివాను. అమెరికా నుంచి తిరిగొస్తూ 1973లో ఆ బృందం డైరెక్టర్, నృత్యకర్త జాన్ క్రాంకో విమానంలోనే చనిపోయిన ఘట్టం బాగా రాశావు. ఏడుపు లేకుండా రాశావు.

కానీ ‘1961లో క్రాంకో వచ్చాడు, 1969లో న్యూయార్క్‌ను జయించాడు’ అని ఒక్క వాక్యంలో తేల్చేశావే, అక్కడ ఒళ్లు మండింది. మధ్యలో ఎనిమిదేళ్లు ఏమయ్యాయి? నన్నడిగితే కళాచరిత్ర అంటే చప్పట్లకు ముందు జరిగిందే. 1962లో రోమియో జూలియట్ బ్యాలే కూర్చాడు. 1965లో పుష్కిన్ కథతో ఒనేగిన్, అదీ ఒక్కసారికి కుదరలేదు, 1967లో మళ్ళీ కూర్చుని మార్చాడు. స్వరకర్త మాలర్ సంగీతానికి బ్యాలేనా అని లండన్ కోవెంట్ గార్డెన్ నాట్యశాల బోర్డు బ్రిటిష్ నృత్యకర్త మెక్‌మిలన్‌కు కాదంటే, ఆయన స్టట్‌గార్ట్‌కు వచ్చి ‘సాంగ్ ఆఫ్ ది ఎర్త్’ చేశాడు. మరుసటి ఏడాది లండన్ వాళ్ళే దాన్ని తెచ్చుకున్నారు! ఇది నీ వ్యాసంలో లేదు. స్టట్‌గార్ట్ బ్యాలే అభిమానుల సంఘం నోవెర్ సొసైటీ ప్రదర్శనల్లో కుర్ర డాన్సర్లకు సొంతంగా నృత్యం కూర్చే అవకాశం ఇచ్చేవాళ్ళు. పెద్ద నృత్యకర్తలైన నోయ్‌మైయర్, కిలియాన్, తర్వాత ఫోర్సైత్ అక్కడే చేయి తిరిగినవాళ్ళు. అదీ లేదు. అవార్డులు మాత్రం పేజీన్నర!

తప్పంతా నీది కాదులే. ఎడిటర్లకు కావలసింది అదే. కూచిపూడి గురువు ఒకాయన పిల్లలతో అడుగులు వేయించే తీరు మీద నేను రాస్తే, ఒక వారపత్రిక సాధనంతా కోసేసి, సన్మానాల జాబితా, మంత్రిగారి ఫోటో వేసింది. డబ్బూ ఇవ్వలేదు, అది వేరే కథ.

ఒనేగిన్‌లో, తత్యానా అతనికి ప్రేమలేఖ రాసే ఉత్తరం సీన్ నువ్వు చూశానన్నావు. అయితే చూసింది రాయి. తత్యానా నిలువుటద్దం ముందు నిలబడుతుంది. అద్దంలో ఆమె నీడగా ఇంకో అమ్మాయి ఆడుతుంది. ఇంతలో అదే అద్దంలోంచి ఒనేగిన్ బయటికొచ్చి ఆమెను తలపైకెత్తుతాడు. తర్వాత ఆమె ఉత్తరం చింపి ముక్కలు ఆమె చేతిలోనే పోస్తాడు. చివరికి అతని ఉత్తరం ఆమె చింపుతుంది. దీన్ని ‘హృద్యంగా ఉంది’ అని వదిలేస్తావా?

ఆ బృందం డాన్సర్ మార్సియా హైడేకి రెండు వాక్యాలు చాలవు. మొదటి తత్యానా ఆమే. క్రాంకో పోయాక, 1976 నుంచి 1996 దాకా బృందాన్ని నడిపిందీ ఆమే. ఆ భాగం పెంచి పంపు. వచ్చే వారం నా కంటి ఆపరేషన్, నెలదాకా చదవలేను. కాబట్టి తొందరేం లేదు.