వాడు కొడుతున్నది ఏమి చెప్పడానికి?

ప్రశ్న: మా అబ్బాయికి ఆరేళ్లు నిండాయి. అమ్మ, తాత, బువ్వ వంటి పది మాటలకు మించి రావు. పిలిచినా తిరిగి చూడడు. మూడు నెలలుగా కొట్టడం, కొరకడం, తల గోడకు బాదుకోవడం మొదలుపెట్టాడు. ఏడాదిన్నర చెల్లెలి జుట్టు పట్టుకుంటే విడిపించడం ఇద్దరి వల్ల కూడా కావడం లేదు. పక్క పిల్లవాణ్ణి కొరికాడని బడివాళ్లు ఇక పంపవద్దన్నారు. ఒక డాక్టరు ఐదు నిమిషాలు చూసి ఆటిజం అన్నారు. మా వారేమో రెండు తగిలిస్తే దారికొస్తాడంటారు. వాళ్ల నాన్నకూ నాలుగేళ్లకు గాని మాటలు రాలేదంటూ మా అత్తగారు తాయెత్తు కట్టించారు. నేనూ ఒకటి రెండుసార్లు వాణ్ణి కొట్టి, తరువాత రాత్రంతా ఏడ్చాను. ఏమి చేయాలి?
– ఒక తల్లి, గుంటూరు జిల్లా

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట ‘మూడు నెలలుగా’ అన్నది. మాటలు రాకపోవడం, పిలిస్తే పలకకపోవడం ముందునుంచీ ఉన్నాయి. కొట్టడం మాత్రం కొత్తగా వచ్చింది. అంటే మూడు నెలల క్రితం వాడి ఒంట్లోనో, ఇంట్లోనో, బడిలోనో ఏదో మారి ఉండాలి.

ముందుగా ఒంటి సంగతి చూడండి. ఆరేళ్ల ప్రాంతంలో దవడ చివర కొత్త పళ్లు వస్తాయి. పుచ్చు పళ్లు, చెవిపోటు, మలబద్ధకం, నిద్ర చాలకపోవడం కూడా ఇదే పని చేస్తాయి. నొప్పి ఎక్కడో చెప్పగలిగిన పిల్లవాడు ఏడ్చి చూపిస్తాడు, చెప్పలేనివాడు తల బాదుకుంటాడు. ఉన్నట్టుండి చూపు నిలిచిపోయి కొన్ని క్షణాలు ఉలుకూ పలుకూ లేకుండా ఉంటున్నాడేమో గమనించి, అలా ఉంటే మూర్ఛ వ్యాధి గురించి డాక్టరును అడగండి. పిలిచినా చూడడన్నారు కనుక, మరే నిర్ణయానికైనా ముందు ‘బెరా’ అనే వినికిడి పరీక్ష తప్పక చేయించండి.

ఇక ఇంటి సంగతి. పాపకు ఏడాదిన్నర అంటే, ఇంచుమించు ఆ మూడు నెలల క్రితమే నడక వచ్చి, అన్న వరుసగా పేర్చుకున్న వస్తువులను చెదరగొట్టడం మొదలుపెట్టి ఉండవచ్చు. ఇది నా ఊహే, కానీ సరిచూసుకోవడం సులువు. ఒక నోటుపుస్తకంలో రెండు వారాలపాటు, వాడు కొట్టిన ప్రతిసారీ మూడు సంగతులు రాయండి: సరిగ్గా దానికి ముందు ఏమి జరిగింది, వాడు ఏమి చేశాడు, ఆ తరువాత వాడికి ఏమి దక్కింది. మూడవది రాయడానికే మన చేయి ఆడదు. సెల్‌ఫోన్ లాక్కోగానే కొరికాడు, ఆ ఏడుపు పడలేక తిరిగి ఇచ్చేశాము అని రాసుకున్న రోజున, కొరికితే ఫోను వస్తుందని వాడికి నేర్పింది ఎవరో తెలుస్తుంది. మరొక పూట అదే దెబ్బ మిక్సీ మోత భరించలేక కావచ్చు, పలక ముందు కూర్చోలేక కావచ్చు, పాపను ఎత్తుకున్న మీ చూపు తనవైపు తిప్పుకోవడానికి కావచ్చు. దెబ్బ ఒకటే అయినా కారణాలు వేరు గనుక మందు ఒకటి కాదు. పాఠం తప్పించుకోవడానికి కొరికిన పిల్లవాణ్ణి ఇంటికి పంపడం శిక్ష కాదు, వాడు కోరుకున్నదే చేతికివ్వడం.

కారణం తెలిశాక, ఆ పని చేసిపెట్టే వేరొక సంకేతం నేర్పాలి. ‘చాలు’ అనడానికి అరచేయి చూపడం, ‘కావాలి’ అనడానికి ఆ వస్తువు బొమ్మ ఉన్న కార్డు తెచ్చివ్వడం వంటివి మాటలు రాని పిల్లలు కూడా నేర్చుకోగలరు. అడిగే పద్ధతి నేర్పితే ఇటువంటి ప్రవర్తన తగ్గుతుందని ఎడ్వర్డ్ కార్, మార్క్ డ్యురాండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1985లోనే చూపించారు. ఈనాటి చికిత్సకు అది ఒక పునాది. వాడు రెచ్చిపోయి ఉన్నప్పుడు కాక, ప్రశాంతంగా ఉన్నప్పుడు రోజుకు పదిసార్లయినా మీ చేతితో వాడి చేయి పట్టి చేయించండి. మొదట్లో వాడు అడిగిన ప్రతిసారీ వెంటనే మన్నించాలి. ఆగడం నేర్పడం తరువాతి మాట. పాత పద్ధతి పారడం లేదని తెలిసిన మొదటి రోజుల్లో కొట్టడం తగ్గకపోగా పెరగవచ్చు. సరిగ్గా ఆ రోజుల్లోనే తాతగారో నానమ్మగారో జాలిపడి ఫోను చేతిలో పెడితే, ఇంకా గట్టిగా కొరకాలని వాడికి అర్థమవుతుంది. అందుకే ఇంటిల్లిపాదీ ఒక్క మాట మీద ఉండాలి.

తల బాదుకునేటప్పుడు గోడకూ తలకూ నడుమ దిండు అడ్డుపెట్టి, మాటలు తగ్గించి, గొంతు తగ్గించి, పక్కన ఉండండి. పాపను వాడితో ఒంటరిగా వదలకండి. మీ వారి సలహా విషయంలో ఒక్క సంగతి చెబుతాను: కొట్టవద్దని కొట్టి చెబితే, కోపం వస్తే కొట్టవచ్చనే వాడికి అర్థమవుతుంది. మీరు కొట్టిన ఆ ఒకటి రెండుసార్ల గురించి ఇక ఏడవకండి. ఆ పూటలను కూడా నోటుపుస్తకంలో రాయండి, మీ ఓపిక ఏ వేళకు అయిపోతున్నదో తెలిస్తే ఆ వేళకు ఇంట్లో మరొకరు వాణ్ణి చూసుకోవచ్చు. వాళ్ల నాన్నకూ మాటలు ఆలస్యమవడం డాక్టరుకు చెప్పవలసిన సమాచారం, చేతులు ముడుచుకుని కూర్చోవడానికి కారణం కాదు. తాయెత్తు ఉంటే ఉండనివ్వండి, దారం నోట్లో పెట్టుకోకుండా చూడండి చాలు.

ఐదు నిమిషాల్లో ఆటిజం తేల్చలేరు. మన దేశంలో దానికోసం రూపొందించిన ‘ఇసా’ అనే కొలమానం ఉంది. తల్లిదండ్రులతో మాట్లాడి, పిల్లవాణ్ణి తీరిగ్గా గమనించి వేసే అంచనా అది. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లాల్లో నడిచే సత్వర చికిత్సా కేంద్రాల్లో పరీక్షలు, స్పీచ్ థెరపీ ఉచితం. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం నడిచే జాతీయ సంస్థకు కూడా వెళ్లవచ్చు.

బడి విషయంలో వెనక్కి తగ్గకండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ నిధులతో గాని గుర్తింపుతో గాని నడిచే బడి ఇటువంటి పిల్లలను వివక్ష లేకుండా చేర్చుకోవాలి. వైకల్యం 40 శాతానికి తగ్గదని ధ్రువపత్రం ఉంటే, ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల వరకు ఉచిత విద్య వాడి హక్కు. పంపవద్దన్న మాటను కాగితం మీద రాసిమ్మని మర్యాదగా అడగండి; చాలా బళ్లు అక్కడే మెత్తబడతాయి.

ప్రశ్న: మా తొమ్మిదేళ్ల పాపకు ఆటిజం. కోపానికి రిస్పెరిడోన్ రాశారు, మొద్దుబారిపోతుందేమోనని భయంగా ఉంది. స్టెమ్ సెల్ చికిత్సతో పూర్తిగా నయమవుతుందని ఒకరు చెబుతున్నారు.
– ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: ఆ మందు ఆటిజాన్ని తగ్గించదు, మాటలు తెప్పించదు. విపరీతమైన చిరాకును, దాడి చేసే గుణాన్ని తగ్గిస్తుంది. అందుకోసమే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2006లో ఐదు నుంచి పదహారేళ్ల ఆటిజం పిల్లలకు దానిని అనుమతించింది. మగత, ఆకలి, బరువు పెరగవచ్చు. కనుక మొదలుపెట్టే ముందే పాప బరువు రాసుకుని నెలనెలా చూడండి, డాక్టరు చెప్పిన రక్తపరీక్షలు మానకండి. మగత ఎక్కువైతే మోతాదు మార్చమని అడగండి, మీ అంతట మీరు హఠాత్తుగా ఆపకండి. స్టెమ్ సెల్ చికిత్సను ఆటిజానికి సిఫారసు చేయడం లేదని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే తేల్చింది. దానికోసం అప్పు చేయబోతుంటే ఆ ప్రయత్నం మానుకుని, ఆ డబ్బును పాప థెరపీకి ఉంచుకోండి.